చచ్చిన చేపకూ ఒక మనసుంది

అమెరికాలో మెదడు శాస్త్రవేత్త క్రెయిగ్ బెన్నెట్ బృందం ఒకసారి బజారు నుంచి తెచ్చిన సాల్మన్ చేపను మెదడు పనితీరు చూసే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టింది. మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమని మర్యాదగా అడిగింది. చేప అప్పటికే చచ్చిపోయి ఉంది. అయినా దాని తలలో ఎర్రటి చుక్కలు వెలిగాయి!

కిటుకు లెక్కలో ఉంది. స్కాన్ బొమ్మంతా వేల వేల గళ్లు. అన్నింటినీ ఒకేసారి పరీక్షిస్తే కొన్ని ఊరికే వెలుగుతాయి. గణాంక సవరణ చేయగానే చేపగారి సానుభూతి మాయమైంది. ఈ వేళాకోళానికి 2012లో, నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది.

చేప ఊరుకుంది గానీ వ్యాపారం ఊరుకుంటుందా? అమెరికాలో కొన్ని ప్రైవేటు క్లినిక్‌లు నరంలోకి రేడియోధార్మిక మందు ఎక్కించి, స్పెక్ట్ స్కాన్ తీసి, వేల డాలర్లు పుచ్చుకుని 'ఇదిగో మీ డిప్రెషన్' అని రంగుల బొమ్మ చేతిలో పెడతాయి. ఆ రంగులు మెదడువి కావు, సాఫ్ట్‌వేర్ పూసినవి. బొమ్మ చూపించేది రక్తప్రసరణను, దిగులును కాదు. కణితి ఉందేమో చూడటానికి ఎమ్‌ఆర్‌ఐ తీయిస్తే ఎవరూ తప్పుపట్టరు, అది వేరే సంగతి.

స్కాన్లలో డిప్రెషన్ రోగుల గుంపు సగటుకూ మామూలువాళ్ల సగటుకూ తేడా కనబడే మాట నిజమే. మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల కంటే ఎక్కువ కదా అని, టేపు పెట్టి కొలిచి మగో ఆడో తేల్చేస్తామా? పైగా ఆ గుంపుల్లో తరచూ ఉండేది పాతిక మందే. మెదడు బొమ్మకూ ప్రవర్తనకూ నమ్మదగిన లంకె దొరకాలంటే వేల మంది కావాలని 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అప్పటిదాకా నడిచిందంతా అదిగో పులి అంటే ఇదిగో తోక వ్యవహారమే.

2002 నుంచి 2015 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థను నడిపిన థామస్ ఇన్సెల్ పదవి దిగాక నిజం ఒప్పుకున్నారు. మెదడు శాస్త్రానికీ జన్యువులకూ సుమారు 2 వేల కోట్ల డాలర్లు పోస్తే గొప్ప పరిశోధన పత్రాలు వచ్చాయట. ఆత్మహత్యలు మాత్రం తగ్గలేదట. పాపం, రోగులు ఆ పత్రాలు చదవలేదు కాబోలు.

ఇంతకీ ఈ స్కాన్ అధ్యయనాల్లో ఎవరిని డిప్రెషన్ గుంపులో వేయాలో యంత్రం చెప్పదు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి చాలాచోట్ల వాడేది 1960లో మాక్స్ హామిల్టన్ అచ్చువేసిన ప్రశ్నల పట్టికే. దానికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓపిగ్గా వినే డాక్టరు.