రూ.590 బాకీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐదు వందల తొంభై రూపాయల బాకీ గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. ఉత్తరం మొదట్లో ఉభయ కుశలోపరి అనడం మా పెద్దల ఆనవాయితీ. మా ఇంట్లో ఇప్పుడు కుశలం లేదు, కారణం మీరే. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు మీ పుట్టుక సంగతి. షాపింగ్ మాల్ మెట్ల దగ్గర టేబుల్ వేసుకున్న కుర్రాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడమ్" అని చెప్పి క్రెడిట్ కార్డు ఇప్పించాడు. దాంతో నేను పైసా వస్తువు కొనలేదు. ఏడాది తిరిగేసరికి వార్షిక రుసుము రూ.500, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.90 కలిసి మీరు బిల్లులోకి వచ్చారు. ఆ రోజే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. రివర్స్ చేస్తాం, మీరేమీ కట్టనక్కర్లేదన్నారు. కార్డు మూసేయమని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాను. ఫిర్యాదు నంబరుతో వచ్చిన మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది.

అంత మర్యాదగా సాగనంపితే మీరు వెళ్లలేదు. బ్యాంకు పుస్తకాల్లో మూల కూర్చుని లేట్ ఫీజును, వడ్డీని, వాటి మీద మళ్లీ జీఎస్టీని పిలుచుకున్నారు. నాకు మాత్రం కబురు లేదు.

మీరున్నారని నాకు తెలిసింది హోమ్ లోన్ దగ్గర. ఫ్లాట్ నచ్చింది, ఓనరు గారికి బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ లాయరు చూసి బాగున్నాయన్నాడు. కావాల్సిన లోను 30 లక్షలు. లోన్ ఆఫీసరు సిబిల్ రిపోర్టు ప్రింటు తీసి మావైపు తిప్పాడు. నా స్కూటీ లోనుకి నెలకో గడి, ప్రతి గడిలోనూ 000. ఒక్క వాయిదా తప్పలేదని దానర్థం. పేజీ తిప్పితే మీ గడులు. 030, 060, 090... చివర 'రిటెన్ ఆఫ్', అంటే వసూలు కాదని రాసేసిన బాకీ. ఆఫీసరు పెన్ను ఆ మాట కిందే ఆగిపోయింది. "ఇది క్లియర్ అయితే గానీ ఫైలు కదలదు మేడమ్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన ముందున్న కాగితం అలాంటిది.

మీ బలం సొమ్ములో లేదండీ, రోజుల్లో ఉంది. ఆ గడుల్లో రాసేది ఎంత బాకీ అని కాదు, గడువు దాటి ఎన్ని రోజులైందని. ఐదు లక్షలు ఎగ్గొట్టినవాడి గడిలోనూ 090, నా గడిలోనూ 090. బాకీ మొత్తం రిపోర్టులో మరోచోట ఉంటుంది, నిజమే. కానీ ఫిర్యాదు చేశానన్న మాట, బ్యాంకే కట్టొద్దన్న మాట అందులో ఎక్కడా లేవు. రిపోర్టు ఇచ్చే కంపెనీని నేను తప్పుపట్టను. బ్యాంకు పంపిందే వాళ్లు అచ్చువేస్తారు, బ్యాంకు ఒప్పుకోనిదే దిద్దలేరు.

ఇంకో ఫైనాన్స్ కంపెనీ లోనిస్తానంది, అర శాతం ఎక్కువ వడ్డీకి. లెక్క మీరే చూడండి. 30 లక్షలకు ఇరవై ఏళ్ల గడువుతో 8.5 శాతమైతే నెలకు సుమారు రూ.26,035. తొమ్మిదైతే రూ.26,992. నెలకు తొమ్మిది వందల చిల్లర, ఇరవై ఏళ్లకు రెండు లక్షల ముప్పై వేల దాకా. రూ.590 కోసం! అది మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి అక్కరకొచ్చే డబ్బు.

"పోనీలేమ్మా, ఆ నాలుగు డబ్బులూ పడేసి వదిలించుకో" అంటున్నాడు మా బాబాయి. రుణశేషం ఉంచకూడదని పెద్దల మాట, నేను కాదనను. కానీ మీరు నా రుణమే కాదు. పైగా కట్టినంత మాత్రాన పాత గడులు చెరిగిపోవు, 36 నెలల చరిత్ర కనపడుతూనే ఉంటుంది. మీ తరఫున రికవరీ ఏజెంటు ఫోన్ చేసి, సగం కడితే సెటిల్ చేసేస్తామన్నాడు. ఆ వల నాకు తెలుసు. అలా చేస్తే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టలేక బేరమాడిందని చదువుతారు బ్యాంకులవాళ్లు. ఇలాంటి ఫోన్ వచ్చినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి తొందరపడి ఒప్పుకోకండి.

రిజర్వు బ్యాంకు 2022లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో ఒక మాట ఉంది. వివాదం నడుస్తున్న కార్డుల విషయంలో బ్యాంకు ప్రత్యేకించి జాగ్రత్తగా ఉండాలి, ఎగవేత సమాచారం వివాదం తేలాకే బయటపెట్టాలి. ఎగవేతదారుగా చూపేముందు కార్డుదారుకు తెలియజేయాలి కూడా. మరి నా వివాదం ఎవరు తేల్చారు? ఏ రోజు తేల్చారు? నాకెవరు చెప్పారు? ఈ మూడింటికీ మీ దగ్గర గానీ, మిమ్మల్ని కన్న బ్యాంకు దగ్గర గానీ జవాబు లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డబ్బు చిన్నదే, నన్ను మాట తప్పినదానిలా నిలబెట్టడం చిన్నది కాదు.

కాబట్టి తమరికి తెలియజేయునదేమనగా, ఫిర్యాదు నంబరు మెసేజ్‌తో సహా బ్యాంకు నోడల్ ఆఫీసరుకు, క్రెడిట్ సమాచార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టేశాను. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు రూ.100 చొప్పున నాకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. అది వసూలు చేస్తాను. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. నాకు కావాల్సింది నో డ్యూస్ లెటర్ ఒక్కటే కాదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగింటిలోనూ మీ గడులు సరిదిద్దాలి, 'రిటెన్ ఆఫ్' తీసేయాలి.

ఓనరు గారు పెద్దమనసుతో గడువు కొంచెం పొడిగించారు. ఆ గడువులోపు మీరు బయల్దేరాలి.

ఇట్లు,
మీకు ఏనాడూ బాకీపడని
ఒక స్కూలు టీచరు