ఉప్పునీళ్ల పోర్షన్, చేపలకు మాత్రమే

నాకు తెలిసిన కందుకూర్లు రెండు. ఒకటి ఆంధ్రలో, సముద్రపు గాలి తగిలే దూరంలో ఉంది. రెండోది మాది. రంగారెడ్డి జిల్లాలో, శ్రీశైలం రోడ్డు మీద, ఎటు చూసినా రాళ్లగుట్టలు, టమాట చేలు, ప్లాట్ల హద్దురాళ్లు. 2022లో ఆంధ్రలో జిల్లాలను మళ్లీ విడగొట్టినప్పుడు ఆ కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. ఊరి జిల్లా మారింది గానీ సముద్రం మాత్రం మావైపు అంగుళం కూడా జరగలేదు. రోడ్డున పోతే బంగాళాఖాతం మాకు ఇప్పటికీ 300 కిలోమీటర్ల పైమాటే.

అలాగని ఆశ చంపుకోవాలా? ఫ్యూచర్ సిటీ మాట వినపడ్డ దగ్గర్నుంచి మా రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులే. చుక్క నీరు కనపడని చోట లేక్ వ్యూ అమ్ముతున్నారు. అలాంటప్పుడు నా హాల్లో మూడడుగుల గాజుతొట్టిలో నేనొక ఉప్పుటేరు పెట్టుకుంటే ఎవరికి నష్టం? పైగా నేను అమ్మడం లేదు. కిరాయికిస్తున్నాను, చేపలకు.

ఉప్పుటేటి నీళ్లంటే ఇటు నదీ కాదు, అటు సముద్రమూ కాదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, నది నీళ్లలో లేనట్టే లెక్క. ఆ రెండూ కలిసే చోటుంది చూశారూ, హంసలదీవి దగ్గర కృష్ణ, కోరింగ మడ అడవుల్లో గోదావరి పాయలు, సూళ్లూరుపేట పక్కన పులికాట్ సరస్సు, అక్కడుండేవి మధ్యరకం నీళ్లు. వాటికి అలవాటు పడ్డ చేపలు వేరే. మంచినీళ్లలో వేస్తే నీరసించి రోగాల పాలవుతాయి. ఎంత ఉప్పు కావాలన్నది మాత్రం ఒక్కోదానికి ఒక్కో తీరు.

"మంచినీళ్లకు ట్యాంకర్ పిలిపించుకునే ఊళ్లె, ఉన్న నీళ్లల్ల ఉప్పు పోసేటోళ్లను మిమ్మల్నే చూస్తున్న" అంది మా ఆవిడ.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. మా బోరు నీళ్లు గ్రానైటు రాతి సందుల్లోంచి వస్తాయి. వాటితో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగరాదు, గీజరు రాడ్డు మీద సున్నం పెచ్చులు కడుతుంది, నెత్తి మీద జుట్టు సెలవు తీసుకుంటుంది. నీళ్లను మెత్తబరిచే యంత్రాలు అమ్మే కుర్రాడు మా గేటు దగ్గర నిలబడి కాల్షియం, మెగ్నీషియం అని భయపెట్టి పోతుంటాడు. ఉప్పుటేటి చేపలకు కావలసింది సరిగ్గా అవే! క్షారగుణం ఉన్న గట్టి నీళ్లు, పీహెచ్ 7.5కి పైన. మనుషులు పనికిరావని తీసిపారేసిన నీళ్లలో చేపలు కాపురం పెడతామంటే కాదనడానికి మనమెవరం?

ఇక ఉప్పు. వంటింటి అయోడిన్ ఉప్పు సగం పనే చేస్తుంది. అది దాదాపుగా సోడియం క్లోరైడు ఒక్కటే, సముద్రపు నీళ్లలో ఉండే మిగతా లవణాలు దాన్లో ఉండవు. అక్వేరియం దుకాణంలో సముద్రపు ఉప్పు అని ప్రత్యేకంగా అమ్ముతారు. దాని ధర విన్నాక మా అత్తమ్మ ఆవకాయ కోసం దాచిన కల్లుప్పు డబ్బాను తీసుకెళ్లి అలమారలో పెట్టి తాళం వేసింది. నా మీద అనుమానమో, ఉప్పు మీద గౌరవమో తెలియదు. లీటరుకు 8 గ్రాముల లెక్కన 120 లీటర్ల తొట్టికి కిలోకు కాస్త తక్కువ ఉప్పు పడుతుంది. నీళ్ల సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచితే 1.005 చూపించింది. అసలు సముద్రంలో ముంచితే 1.025 దరిదాపుల్లో ఉంటుంది. అత్తమ్మకు ఆ గాజుగొట్టం మీద నమ్మకం కుదరలేదు. వేలు ముంచి నాలుకకు రాసుకుని "పప్పుచారుకు సరిపోయింది బిడ్డా" అంది. రెండు లెక్కలూ ఒకటే!

నీళ్లు సిద్ధమైనా కిరాయిదారులను వెంటనే దించకూడదు. చేపలు వదిలే అమ్మోనియాను విరిచేసే బ్యాక్టీరియా ముందు స్థిరపడాలి. దానికి నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా చుట్టపక్కాలు వచ్చి ఖాళీ తొట్టి ముందు నిలబడి "చేపలేవి?" అని అడుగుతూనే ఉంటారు. "బ్యాక్టీరియా దిగుతున్నది" అని చెప్తే మాస్కు పెట్టుకుని వెళ్లిపోతారు.

తర్వాత అసలు గండం, కిరాయిదారుల ఎంపిక. సిటీలో నేను వెళ్లిన దుకాణదారు దగ్గర అన్నింటికీ ఒకటే జవాబు. "సార్, ఏ నీళ్లలో ఏసినా బతుకుతది." ఎంత పెరుగుతుందని అడిగితే "గింతే సార్" అంటాడు.

మొదట చూపించింది స్కాట్. రూపాయి బిళ్లంత ఉంది, ఒంటి నిండా చుక్కలు, ముద్దొచ్చే మొహం. "ఇద్దరమే ఉంటాం" అని చెప్పి దిగి, ఆనక ఊరి నుంచి కుటుంబాన్నంతా దించేసే రకం ఇది. తేడా ఏమిటంటే కుటుంబమంతా దాని ఒంట్లోనే ఉంటుంది, అడుగు దాకా పెరుగుతుంది. ముళ్లలో విషం కూడా ఉంది. మోనో అనే వెండి చేపదీ అదే వరస. గుంపుగా ఉంటేనే దానికి మనసు కుదురుతుంది, పెద్దయ్యేకొద్దీ ఇంకా ఉప్పు కావాలంటుంది, చివరికి మొత్తం సముద్రమే అడుగుతుంది. మూడడుగుల పోర్షన్‌లో సముద్రం ఎక్కడ తేవాలి?

రెండో అభ్యర్థి ఆర్చర్, నీళ్లు ఉమ్మి ఆకు మీది పురుగును పడగొట్టే విలుకాడు. నీళ్లలోంచి చూస్తే బయటి వస్తువు ఉన్నచోట కనపడదు కదా, ఆ తేడాను కూడా లెక్కగట్టి గురి పెడుతుంది. దీని గురించి 1764లో లండన్ రాయల్ సొసైటీకి బటావియా నుంచి వచ్చిన కబురుతో ఒక వివరణ అందింది. తీరా చూస్తే దాంతో పంపిన చేప వేరేది. అసలుదాన్ని 1767లో పల్లాస్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. కాబట్టి దుకాణంలో ఒక పేరు చెప్పి ఇంకో చేప చేతిలో పెడితే కోప్పడకండి, రాయల్ సొసైటీకే తప్పలేదు. ఆర్చర్‌ను నేను వద్దన్నది వేరే కారణానికి. తిండి పెట్టడానికి మూత తీసి వంగితే మన కనుగుడ్డు కూడా దానికి పురుగులాగే మెరుస్తుంది. ఇంటి ఓనరు మొహాన ఉమ్మే కిరాయిదారును ఎవరు భరిస్తారు?

మూడోది ఆకుపచ్చ పఫర్. కోపమొస్తే బంతిలా ఉబ్బుతుంది. చదువులో గొప్ప పేరు. వెన్నెముక ఉన్న జీవుల్లో అతి చిన్న జన్యుపటాల్లో ఒకటి దీనిదేనని 2004లో శాస్త్రవేత్తలు చదివి చెప్పారు, మన దాంట్లో సుమారు ఎనిమిదో వంతు. అంత క్లుప్తంగా రాసిన జీవికి పళ్లు మాత్రం జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగడానికి నత్తలు పెట్టాలి. నత్తలు అయిపోయిన రోజు పక్క పోర్షన్ వాళ్ల తోకలు కొరుకుతుంది.

మరి ఎవరికిచ్చానంటారా? ఆరెంజ్ క్రోమైడ్‌కి. దక్షిణ భారతం, శ్రీలంకల చేప, జానెడు కూడా పెరగదు. గుడ్లకు ఆలుమగలిద్దరూ కాపలా కాస్తారు. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును గీక్కుని తింటాయి. మా ఇంట్లోనూ అదే పద్ధతి కాబట్టి వింతగా ఏమీ అనిపించలేదు. దీని పెద్దన్న, కేరళ వాళ్లు 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్‌ను మాత్రం తేకండి, అది అడుగు పైన పెరుగుతుంది, దాని చోటు అరిటాకులోనే. క్రోమైడ్‌కు తోడు మాలీలు. మంచినీళ్లలో ఏదో ఒక జబ్బుతో మూలిగే మాలీ, మా బోరు నీళ్లకు పిడికెడు ఉప్పు తగలగానే లేచి తిరుగుతుంది.

మన తీరానికి చేపల కరువు ఎప్పుడూ లేదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో 200 చేపలకు బొమ్మలు వేయించి, మన వాళ్లు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. చెన్నైలో 1987 నుంచి ఉన్న కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ, సిబా, మోనోనూ స్కాట్‌నూ తొట్లలో పిల్లలు పెట్టించింది. అయినా దుకాణాల్లో మనకు ఇంకా దొరికేది "గింతే సార్" ఒక్కటే.

ఎండాకాలంలో పులికాట్ నీళ్లు ఆవిరై సముద్రాన్ని మించిన ఉప్పదనానికి చేరతాయి. మా హాల్లోనూ అంతే. నీరే ఆవిరవుతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గిన మేరకు ఉప్పు కలపని నీళ్లే పోయాలి. ఇది తెలియక ప్రతిసారీ ఉప్పునీళ్లు పోసేవాళ్ల తొట్టి ఉగాది నాటికి పప్పుచారును దాటుతుంది, రోహిణి కార్తెకు ఊరగాయ.

చివరగా ఒక విన్నపం. కిరాయిదారు నచ్చకపోతే తీసుకెళ్లి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వదలకండి. అక్వేరియంలలో నాచు నాకుతుందని తెచ్చుకున్న సక్కర్ చేపే బయటపడి, ఇవాళ డెవిల్ ఫిష్ పేరుతో ఆంధ్రలో చేపల రైతులను ఏడిపిస్తోంది. నీళ్లలోని డీఎన్ఏను బట్టి దాని జాడ పట్టే పద్ధతిని మన హైదరాబాదు సీసీఎంబీ వాళ్లు తయారు చేయాల్సి వచ్చింది. ముందు మీ నీళ్లను కొలవండి, తర్వాత తొట్టిని కొలవండి, చేపను ఆఖర్న చూడండి. దుకాణంలో దాని అందం చూసి మురిసే ముందు, అది పెద్దయితే ఎంతవుతుందో అడగండి. జవాబు "గింతే సార్" అయితే ఆ దుకాణం దిగి వచ్చేయండి.