‘డూ ది నీడ్‌ఫుల్’కు టీకా తాత్పర్యాలు

మూలం: ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్.

అవతారిక: నాన్నగారు పోయాక, అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఫైలు మీద పచ్చ సిరాతో అవతరించిన ఏకవాక్య కావ్యమిది. సర్వీసు రిజిస్టరులో అమ్మ పేరు వెంకట సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకటసుబ్బమ్మ. ఒకచోట సమాసం, ఒకచోట వ్యస్తం. మధ్యనున్న ఆ ఖాళీ జాగా పూడ్చమని అర్జీ పెడితే, ఒక అధికారి ఇంకో అధికారికి ఈ వాక్యం రాశారు. ఆయన దీన్నే మరొకరికి రాశారు. అయిదు బల్లలు, ఎనిమిది నెలలు, ఒక్క పాఠభేదం లేదు. వేమన పద్యాలకు కూడా ఈ అదృష్టం పట్టలేదు.

ప్రతిపదార్థం: కాన్వెంటు పిల్లవాణ్ణి అడగండి. నాకు అంత ఓపిక లేదు.

వ్యాకరణ విశేషం: ‘డూ’ ధాతువు. డూ, డిడ్, డన్ అని రూపాలు. ప్రశ్నించేటప్పుడూ కాదనేటప్పుడూ ఇది ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడుతుంది. ‘వెళ్లావా?’ అనడానికి మనకు చివర ఒక్క దీర్ఘం చాలు. వాళ్లకు ‘డిడ్’ ముందొచ్చి నిలుచోవాలి. కాలాన్ని మోస్తుంది తప్ప అర్థాన్ని మోయదు. చేయడమనే క్రియకే చేసే పని లేకపోవడం ఆఫీసువాళ్లు కనిపెట్టిందేమీ కాదు, ధాతుస్వభావం.

ఇక పాణినీయం. సంస్కృతంలో చేయడానికి ధాతువు ‘కృ’ అనుకుంటాం. ధాతుపాఠంలో ఉన్నది కృ కాదు, డుకృఞ్. నెత్తిన ‘డు’! ధాతువు మొదట ఉండే ఇలాంటి డుకారానికి పాణిని పెట్టిన పేరు ‘ఇత్’. డు, ఇత్. ఆంగ్లం పుట్టకముందే మనవాడు ‘డూ ఇట్’ అనేశాడని పొంగిపోవద్దు. ఇత్ అయినది లోపించి తీరాలి. ‘కరోతి’ని జల్లెడ పట్టినా అందులో డు దొరకదు. మరెందుకు పెట్టినట్టు? డు ఉన్న ధాతువుకు ‘క్త్రి’ అనే ప్రత్యయం వస్తుందని గుర్తు. ఆ ప్రత్యయం వల్ల సిద్ధించిన మాట ఏమిటనుకున్నారు? కృత్రిమం! డు తాను మాయమై కృత్రిమాన్ని మిగిల్చిపోతుంది. ఈ రూపసిద్ధి నాకు అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది నాన్నగారే. ముప్ఫై మూడేళ్లు తెలుగు పండితుడిగా చేశారు. “పని పురమాయించి తాను తప్పుకునేదే ఇత్తురా” అనేవారు. భజగోవిందంలో డుకృఞ్‌కు పడిన చీవాట్లు తలుచుకుని తానే నవ్వేవారు కూడా. ఆ నవ్వుకు ముందు పొడుం డబ్బీ మూత టక్కున పడేది...

ఎక్కడున్నాం? ఫైలు దగ్గర.

అన్వయం: కుదరదు. కర్త లేడు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక ఈ మూలానికి తెనుగుసేత కూడా వెలసింది: ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’. ఇంగ్లిషులో చేయవలసినవాడు ఒక్కడే దాక్కున్నాడు. తెలుగులో పంపినవాడు కూడా మాయం. పంపడం దానంతటదే అయిపోయింది, వాన వెలిసినట్టు. మూలంలో కనీసం ‘ప్లీజ్’ ఉండేది.

మొన్న అమ్మను తీసుకెళ్లాను. డెబ్బై నాలుగేళ్లు, రెండో అంతస్తు. మెట్టు మెట్టుకీ మోకాలి మీద చెయ్యి వేసి ఎక్కింది. సీటులో ఉన్నాయన తలెత్తకుండానే “పుటప్ చేసేశామమ్మా” అన్నాడు. (‘పుట్’ ధాతువు మూడు కాలాల్లోనూ మారదు. ఫైలూ అంతే.) “ఆ రెండు పేర్లూ నావే బాబూ, నన్ను చూసి రాసుకోవచ్చు కదా” అంది అమ్మ. ‘ఇద్దరూ ఒకరే’ అని ఒక వాక్యం, కింద సంతకం. ‘ది నీడ్‌ఫుల్’ అంటే అదీ.

వస్తూ వస్తూ ఆరో బల్ల మీదికి తొంగిచూశాను. మొట్టమొదటిసారి పాఠాంతరం కనబడింది: ‘ప్లీజ్’ స్థానంలో ‘కైండ్లీ’. ప్రక్షిప్తమేమోనని నా అనుమానం. సిరా వేరుగా ఉంది.