భర్తృదానము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక: కొరియా దేశమున టీవీఎన్ అను చానెలునందు 2024 జనవరి 1 మొదలు ఫిబ్రవరి 20 వరకు సోమ మంగళవారములలో పదహారు భాగములుగా నడిచి, ప్రైమ్ వీడియో దారిన మన సెల్‌ఫోనులలోనికి దిగిన ‘మ్యారీ మై హస్బెండ్’ అను దృశ్యకావ్యము కలదు. కాంగ్ జీ-వన్ అను ఇల్లాలు కడుపు క్యాన్సరుతో తీసుకొనుచుండగా, మగడు పాక్ మిన్-హ్వాన్, ప్రాణసఖి జంగ్ సూ-మిన్ ఒకటైయుండుట కనుగొని, 2023 ఏప్రిల్‌లో వారి చేతనే హతురాలగును. కన్ను తెరచునప్పటికి అది 2013. ఉద్యోగము అదే, ఆ ఇరువురును ఆ ఇరువురే. పెండ్లి మాత్రము ఇంకను కాలేదు. దీనిని చూచిన ఒకామె, మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోవుచు పక్క సీటామెతో పలికిన వాక్యమే మనకు మూలము.

మూలము: “సచ్చి పదేండ్లు ఎనక్కి పొయ్యిందంట, పోనీ. ఆ ఎదవని దాని మెడకే కట్టిందంట, శానా మంచి పని చేసింది. అది సరే మే, ఆ మేనేజరట్లాంటోడు యాడన్నా ఉండాడా?”

టీక: సచ్చి = ప్రాణములు విడిచి; పోనీ = ఇందలి అసంభవమును క్షమించితిమి; ఆ ఎదవని = మిన్-హ్వానుని (పేరు నోరు తిరుగకున్నను గుర్తు తప్పదు); దాని = సూ-మిన్ యొక్క; మెడకే = ఇతరుల మెడకు కాక; శానా = మిక్కిలి; మే = ఓ పక్క సీటుదానా; యాడన్నా = మూడు రాష్ట్రములలో ఎచ్చటనైనను; ఉండాడా = లేడు.

తాత్పర్యము: కాలము వెనుకకు మరలుట నమ్మవచ్చును, మగని దానమిచ్చుట మెచ్చవచ్చును, మంచి మేనేజరు మాత్రము కల్ల.

విశేషములు: “పోనీ” యని అంత తేలికగా ఎట్లు విడిచెనన్న సందేహము వలదు. ‘మగధీర’లో (2009) నాలుగు వందల ఏండ్లు దాటి మరల పుట్టిన వీరుని, ‘ఈగ’లో (2012) ఈగయై పుట్టి పగ దీర్చుకొన్న నానిని ఈలలు వేసి ఒప్పుకొన్న ప్రేక్షకులకు పదేండ్లొక లెక్కయా? పాపము అంబ, భీష్ముని పడగొట్టుటకు అగ్నిలో దూకి ద్రుపదుని ఇంట శిఖండియై పుట్టవలసివచ్చెను. జీ-వన్‌కు పాత ఒడలే, పాత జీతమే దక్కినవి.

ఇచ్చట మదనపల్లె టమోటా మండీ వారి పూర్వపక్షము: ‘పదేండ్ల సంగతులు ముందే ఎరిగిన మనిషి మొగుని గొడవలో పడి కాలము పాడుచేసెనేమి? 2023 జూలై చివర మన మార్కెట్టులో కిలో టమోటా 200 రూపాయల దరిదాపులకు ఎగబాకెను గదా, ఆ పంటకు నారు పోసుకొనరాదా?’ సమాధానము: ఆమె చచ్చినది ఏప్రిల్‌లో. జూలై ధర ఆమెకు తెలియదు. మరి మూడు నెలలు బ్రతికియున్నచో కథ వేరుగా నుండెడిది. ఈ సమాధానము విన్న మండీ వారు ఆమె చావునకు తొలిసారి నిజముగా విచారించిరి.

“మెడకే” అనుచోట కావ్యరహస్యము కలదు. ఈ కథలో ఒక నియమము: జరుగవలసిన కీడు తప్పదు, ఎవరికో ఒకరికి జరిగియే తీరును, అప్పు ఎగవేసినచో జామీను సంతకము పెట్టినవాని మీద పడినట్లు. కనుక జీ-వన్ తప్పించుకొనుట చాలదు, ఆ పెండ్లిని మరియొకతె చేసుకొనవలెను. సావిత్రి యముని వెంట నడచి మగని తెచ్చుకొనెను. ఈమె చావును దాటి వచ్చి మగని ఇచ్చివేసెను. వ్రతకథలు వినిపెరిగిన ఊళ్ళలో ఇది తప్పని ఒక్కరైన అనవలసినది, అనలేదు. ఏలయనగా ఆమె ఆ ఇరువురివద్ద ఏమియు గుంజుకొనలేదు. తొలి జన్మలో వారు దొంగిలించిన దానినే ఈ జన్మలో చేతికిచ్చి, వారు కోరుకొన్న కాపురమే చేయించెను. ఆ కాపురమే తక్కిన పని చూచుకొనెను. కడకు మిన్-హ్వాన్, జీ-వన్ చావవలసిన చావే సూ-మిన్ చేత చచ్చెను. ఇంత చక్కని లెక్క కుదిరిన పిదప, నాయకుడైన ఆ మేనేజరు మాజీ కాబోయే భార్య ఓ యు-రాను చివరి భాగములలో కారుతో సహా దించుట సాగదీత యని మా అభిప్రాయము.

పుంగనూరు వారు మాత్రము పగ లేకయే రెండవ బ్రతుకు దొరకునని ఆక్షేపింతురు. వారి నిదర్శనము మీటరు ఎత్తైన లేని పుంగనూరు ఆవు. జాతియే అంతరించునన్న దశ నుండి, పలమనేరు పశుపరిశోధన కేంద్రము వంటి చోట్ల నిలదొక్కుకొని, ఈ సీరియలు నడుచుచున్న 2024 జనవరిలోనే, సంక్రాంతి వేళ, ఢిల్లీలో ప్రధానమంత్రి చేతి మేత తినెను. ఎవరినీ పొడవలేదు. వాదము బలమైనదే కాని, ఆవునకు మొగుని పీడ లేదు.

“మేనేజరు” = యూ జీ-హ్యుక్; కంపెనీ ఛైర్మను మనుమడు, తానును చచ్చి వెనుకకు వచ్చినవాడు, నోరు విప్పక ప్రేమించువాడు. కుప్పము ప్రతిలో “టీమ్ లీడరట్లాంటోడు” అని పాఠాంతరము. తెల్లవారక మునుపే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడి ఇల్లు చేరు ఉద్యోగినుల పాఠమిది, అనుభవము గలది, కావున గ్రాహ్యము. కింది ఉద్యోగి కొరకు ప్రాణమైన ఇచ్చు పై అధికారి యుండునా అని వారిని అడుగగా, ముందు లీవు ఇమ్మనుడు, ప్రాణము సంగతి తరువాత చూతమనిరి.

చిన్ననాటి నుండి కంచము పొత్తున పెరిగిన సూ-మిన్‌కు జీ-వన్ పై అంత పగ ఏల యనునది సుగమము గనుక వ్రాయలేదు.