నేను ఇరవయ్యొకటో తీగను

నా పేరు ఏ20. పేరులో ఇరవై ఉన్నా వరసలో నాది ఇరవయ్యొకటో స్థానం. మా ఇంట్లో లెక్క సున్నాతో మొదలవుతుంది, పెద్దన్న పేరు ఏ0. ప్రాసెసర్‌కు కావలసింది మెమరీలో ఎక్కడుందో ఆ చిరునామాను మోసే తీగలం మేము. మాలో ఒక్కరు పెరిగితే చేరగల మెమరీ రెట్టింపవుతుంది.

నేను పుట్టకముందు, 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్‌కు ఇరవై మంది అన్నలే ఉండేవారు. వాళ్లు చేరగలిగింది 10,48,576 బైట్లు, అంటే ఒక మెగాబైట్. అందులో ప్రోగ్రాములకు 640 కిలోబైట్లు. మిగిలిన 384 తెరకూ, అదనపు కార్డులకూ, యంత్రాన్ని మొదలుపెట్టే బయోస్‌కూ కేటాయించారు. లెక్క మెగాబైట్ దాటితే, పై అంకెను మోసే తీగ లేక చిరునామా మళ్లీ సున్నా దగ్గరికొచ్చేది. పన్నెండు దాటిన గడియారం ఒంటిగంట కొట్టినట్టే. కొన్ని ప్రోగ్రాములు ఆ తిరుగుడునే నమ్ముకున్నాయి.

1984లో పీసీ ఏటీలో, 80286తో నేను పుట్టాను. 24 తీగలం, 16 మెగాబైట్ల దాకా మా పరిధి. కానీ నేను పలికితే, సున్నాకు తిరిగి రావలసిన పాత ప్రోగ్రాములు మెగాబైట్ అవతలికి పోయి దారి తప్పుతాయి. అందుకని నాకొక గేటు పెట్టారు. దాని తాళంచెవిని కీబోర్డు పని చూసే 8042 చిప్‌కు అప్పగించారు, అందులో ఒక కాలు ఖాళీగా ఉందని. యంత్రం ఆన్ చేసేసరికి గేటు మూసే ఉండేది. మొదట్లో బాధపడ్డాను. జనం డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రోగ్రాములు ఆగిపోకూడదనే నా నోరు మూశారని తెలిశాక, ఆ మౌనాన్ని నా ఉద్యోగంగానే భావించాను.

ఈలోగా 640 ఇరుకైపోయింది. నాలుగు మెగాబైట్లు బిగించినా, ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ కింద నడిచే మామూలు ప్రోగ్రాముకు దక్కేది ఆ 640లోనే. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఈఎంఎస్ అనే ఉపాయం తెచ్చాయి. పై 384లో 64 కిలోబైట్ల కిటికీ తెరిచి, అదనపు కార్డులోని మెమరీని 16 కిలోబైట్ల పేజీలుగా అందులోకి తెప్పించేవారు. బల్ల మీద నాలుగు దస్త్రాలే పడతాయి కనుక, బీరువాలోంచి ఒకటి తెచ్చినప్పుడల్లా మరొకటి లోపల పెట్టే గుమాస్తా పని అది.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. నా గేటు తెరిస్తే, పాత పద్ధతిలో నడిచే ప్రాసెసర్ కూడా మెగాబైట్ పైన 65,520 బైట్లు అందుకోగలదు. హైమెమ్ అనే చిన్న ప్రోగ్రాము ఆ గేటు తీసే బాధ్యత తీసుకుంది. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5లో, హైమెమ్‌ను పిలిచే వరుస ఒకటి, ‘డాస్=హై’ అన్న వరుస ఒకటి కాన్ఫిగ్ ఫైల్లో రాస్తే చాలు, డాస్ తన సామాను చాలావరకు నా వైపు సర్దుకునేది. కింద 40 కిలోబైట్లకు పైగా చోటు ఖాళీ అయ్యేది. అంతదాకా మెమరీ చాలదని మొరాయించిన ప్రోగ్రాము ఆ చోటుతో లేచి నడిచేది. 386 యంత్రాల్లోనైతే ఈఎంఎం386 అనే ప్రోగ్రాము పై 384లోని ఖాళీలను వెతికిపట్టేది. మౌస్ డ్రైవర్ లాంటివాటిని ‘లోడ్‌హై’ ఆదేశం అక్కడికి ఎక్కించేది.

486 కాలానికి నా గేటు పని ప్రాసెసర్ లోపలికే చేరింది. తర్వాత 32 తీగల 4 గిగాబైట్లూ ఇరుకై 64 బిట్ల యంత్రాలు వచ్చాయి. కొత్త ప్రాసెసర్లకు నా గేటుతో అవసరం తీరిపోయింది.

మీ దగ్గర పాత డాస్ యంత్రం ఉండి, చోటు చాలదంటే వెంటనే మెమరీ కొనడానికి పరుగెత్తకండి. ముందు ‘మెమ్ /సి’ అని కొట్టి, ఎవరెంత స్థలం ఆక్రమించారో చూడండి. పైకి పంపగలిగినవాటిని పైకి పంపండి. నా గేటు తెరవండి. మీకు కావలసిన చోటు చాలాసార్లు ఆ యంత్రంలోనే ఉంటుంది.