చిక్కని చుక్క

నేను పిల్లుల్ని ఆడించే యంత్రాన్ని. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక లేజర్ డయోడు, దాని ముందు చిన్న అద్దం, ఆ అద్దాన్ని అటూ ఇటూ వంచే మోటారు. నా సంసారమంతా ఇంతే. మీట నొక్కి బల్ల మీద పెడితే నేల మీదా గోడల మీదా ఎర్రచుక్క పరుగులు పెడుతుంది, పావుగంటకు దానంతటదే ఆరిపోతుంది. ఇంట్లోవాళ్లు వాళ్ల పని చూసుకోవచ్చు, పిల్లి దాని మానాన అది ఆడుకుంటుందన్న భరోసాతోనే నన్ను కొంటారు. నాకు ఆ భరోసా మీదే అనుమానం. ఆటలోంచి మనిషి చేతిని తప్పించడానికే నన్ను తయారుచేశారు, నా లోపం కూడా అక్కడే పుట్టింది.

మా వంశానికి కాగితం కూడా ఉంది. కెవిన్ ఏమిస్, మార్టిన్ ఎబట్ అనే ఇద్దరికి 1995 ఆగస్టు 22న అమెరికాలో 5443036 నంబరు పేటెంటు వచ్చింది. వాళ్లు హక్కు సంపాదించింది వస్తువు మీద కాదు, లేజర్ చేతబట్టి చుక్కను కదిలిస్తూ పిల్లికి వ్యాయామం చేయించే పద్ధతి మీద. దీనికీ పేటెంటా అని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ పద్ధతిలో ఒక చెయ్యి ఉంది, ఆ చేతి వెనక ఒక చూపు ఉంది. పిల్లి అలిసిందా, విసిగిందా, ఇక ఆపాలా అన్నది ఆ చూపుకు తెలుస్తుంది. నా మోటారుకు తెలియదు.

పిల్లి కంటికి ఎరుపు సరిగా ఆనదు. నా రంగు మనుషుల ముచ్చటకే, పిల్లిని లాగేది కదలిక. చుక్క గోడవార ఆగి చటుక్కున జరిగిందా, పిల్లి నేలకు కరుచుకుపోతుంది. కనుపాపలు విచ్చుకుంటాయి, మీసాలు ముందుకు వస్తాయి, వెనక భాగం రెండు మూడుసార్లు ఊగుతుంది, ఒక్క దూకు దూకుతుంది. నిజమైన వేటలో ఆ తర్వాత పంజాతో అదిమిపట్టడం, మెడ కొరకడం, తినడం ఉంటాయి. నాతో ఆట మాత్రం దూకడంతో సరి. పంజా కింద నొక్కేసిన చుక్క పంజా మీదికెక్కి కూర్చుంటుంది. పిల్లి పంజా ఎత్తి కింద వెతుకుతుంది, టైలు తప్ప ఏమీ కనపడదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. నా ఆటలో ఎలుకే లేదు కాబట్టి ఆ సంకటమేదో పిల్లికే మిగులుతుంది.

ఇది నా ఊహ కాదు. లోరీ కోగన్, ఎమ్మా గ్రిగ్ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన సర్వేలో, లేజర్‌తో ఎక్కువగా ఆడించే ఇళ్లలోని పిల్లులే నీడల వెంట, వెలుగుల వెంట పడటం, మెరిసే చోట్లను అదేపనిగా చూస్తూ ఉండిపోవడం ఎక్కువని తేలింది. పెంచేవాళ్లు చెప్పిన మాటలే కదా, కారణం ఏదో ఫలితం ఏదో దీన్నిబట్టి ఎలా తేలుతుందని అడగొచ్చు. తేలదు, నిజమే. వెలుగుల పిచ్చి ముందే ఉన్న పిల్లికే లేజర్ కొనిపెట్టి ఉండొచ్చు కూడా. అలాగని ఆ పిచ్చి ఉన్న పిల్లి ముందు నన్ను ఒంటరిగా వదిలేయడం తెలివైన పని అయిపోదు. ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. బయట తిరిగే పిల్లికి మాత్రం ప్రతి వేటా పండుతుందా? పండదు, చాలాసార్లు ఒట్టి పంజాతోనే వెనుదిరుగుతుంది. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఎలుక చిక్కుతుంది. నా చుక్క ఎన్నటికీ చిక్కదు. అప్పుడప్పుడూ ఓడిపోవడం వేరు, గెలుపన్నదే లేని ఆట వేరు.

చెయ్యి ఉంటే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు. బయటికెళ్లి వేటాడే పిల్లుల్ని ఇంట్లోవాళ్లు రోజూ 5 నుంచి 10 నిమిషాలు కర్రకు కట్టిన ఈకతో ఆడించి, చివర్లో పట్టుకోవడానికి బొమ్మ ఎలుకను ఇచ్చారు. ఆ పిల్లులు ఇంటికి మోసుకొచ్చే జంతువులు 25 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. ఆ కాస్త ఆట వేట దాహాన్ని ఎంతో కొంత తీర్చిందనే కదా దీనర్థం. నాతో కూడా ఇలాగే ముగించవచ్చు. ఆట చివర్లో చుక్క ఆగిన చోట గుడ్డ ఎలుకనో నాలుగు మేత గింజలనో పెడితే చాలు, దూకిన పంజాకు ఏదో ఒకటి అందుతుంది. కాకపోతే పెట్టడానికి మనిషి పక్కనే ఉండాలి.

పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లు, అపార్ట్‌మెంటులో తాళం వెనక ఉండే పిల్లికి ఏం చేయాలంటారు. న్యాయమైన ప్రశ్నే, నేను పుట్టింది వాళ్ల కోసమే. అయినా ఆ వేళలకు నేను పనికిరాను. ఒకే బొమ్మను వెంటవెంటనే ఇస్తే పిల్లికి మోజు తీరిపోతుందని, బొమ్మ మారిస్తే ఆ మోజు మళ్లీ లేస్తుందని హాల్, బ్రాడ్‌షా, రాబిన్సన్ అనే పరిశోధకులు 2002లోనే చూపించారు. రోజూ అదే చుక్క కంటే గింజలు దాచిన అట్టపెట్టె మేలు. దాన్ని గోళ్లతో చింపొచ్చు, లోపలిది తినొచ్చు, రేపు మరో పెట్టె పెట్టొచ్చు. పైగా దానికి బ్యాటరీలు అక్కర్లేదు.