బాగ్దాదులో బావగారు

మా బావగారు చార్టర్డ్ అకౌంటెంటు. ఆయనతో ఏ ఆట ఆడినా చివరికి అది ఆడిట్‌గా తేలుతుంది. పేకాటలో పడిపోయిన ముక్కలన్నీ గుర్తుంటాయి. క్యారమ్స్‌లో స్ట్రైకర్ కొట్టేముందు కోణాలు కొలుస్తారు. పిల్లలతో వైకుంఠపాళి ఆడినా పెద్దపాము ఏ గడిలో నోరు తెరిచిందో చూసుకుని పందెం వేస్తారు. ఇలాంటి మనిషిని 'టేల్స్ ఆఫ్ ది అరేబియన్ నైట్స్' ముందు కూర్చోబెట్టాలన్న ఆలోచన మా అక్కది. డబ్బు పెట్టి పెట్టె కొన్నది మాత్రం నేను.

ఎరిక్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ తయారుచేసిన ఈ బోర్డు ఆట 1985లో వచ్చింది. 2009లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. సింద్‌బాద్, ఆలీబాబా, అల్లావుద్దీన్ లాంటి వేషాల్లో ఒకటి ఎంచుకుని బాగ్దాదు నుంచి బయలుదేరతాం. ఆగినచోటల్లా ఎవరో ఒకరు ఎదురుపడతారు: గూనివాడు, బిచ్చగాడు, మంత్రగత్తె, కోపంతో ఊగిపోయే భూతం. వాళ్లతో ఏం చేస్తామో మనమే చెప్పాలి. సాయపడతామా, దోచుకుంటామా, దేవుణ్ణి తలుచుకుంటామా, సరసాలాడతామా? ఒకరు పట్టికలో వేలుపెట్టి అంకె చూస్తారు, పాచిక దొర్లుతుంది, ఇంకొకరు లావుపాటి పుస్తకం తెరిచి ఆ అంకె కింద మన గతి ఏమైందో చదువుతారు. ఇలాంటి గతులు అందులో 2,000 పైచిలుకు ఉన్నాయి. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గొల్లపిల్లవాడికి మజిలీకో కథ చెబుతాడు కదా, ఇక్కడా అంతే. కాకపోతే జరిగేదంతా గొల్లపిల్లవాడికే.

గెలవడానికి కథ పాయింట్లు, విధి పాయింట్లు కలిపి 20 రావాలి. ఏవి ఎన్ని కావాలో మొదట్లోనే గుట్టుగా నిర్ణయించుకుని, సంపాదించి, బాగ్దాదుకు తిరిగి చేరాలి. ఇది వినగానే బావగారి కళ్లు మెరిశాయి. "అంటే స్ట్రాటజీ ఉందన్నమాట."

లేదు. కానీ ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం మాలో ఎవరికుంది?

ఆట మొదట్లో తలా మూడు నేర్పులు తీసుకోవాలి. బావగారు మ్యాపు చాలాసేపు పరిశీలించి, నీళ్లు బాగానే ఉన్నాయని తేల్చి, నౌకాయానం పుచ్చుకున్నారు. సింద్‌బాద్ వేషం కూడా ఆయనదే. తీరా నడిసముద్రంలో సైతం ఆయనకు ఎదురైన ఆపదలన్నీ భక్తో, అందమో ఉంటే గట్టెక్కేవే. "ఆ రెండూ లేవు కదండీ" అని అక్క నిజంగానే విచారించింది. మా అమ్మ బేరమాడే నేర్పు తీసుకుంది. "అదీ ఒక విద్యేనా, ఎవరికైనా వచ్చి తీరాలి కదరా!" అంటూనే దాంతో దొంగల దగ్గరా నెగ్గుకొచ్చింది, సుల్తాను కొలువులోనూ నెగ్గుకొచ్చింది.

బిచ్చగాడు కనిపిస్తే సాయం చెయ్యడం రిస్కు లేని పని అని బావగారి లెక్క. చేశారు. జైల్లో పడ్డారు. అమ్మకు మండిపడుతున్న భూతం ఎదురైతే ఏమీ ఆలోచించకుండా "సరసమాడతాను" అంది. మేమంతా నోళ్లు తెరిచాం. "ఏం, కోపంగా ఉన్నవాళ్లతో ఇంకెలా మాట్లాడతారు?" అంది. నిధి దొరికింది. బావగారు పట్టిక లాక్కుని అడ్డంగా, నిలువుగా తనిఖీ చేశారు. అందులో తప్పు లేకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఇక దశ కార్డులు. గాయం, రోగం, శాపం, ఖైదు, మతిభ్రమణం, అన్నిటికీ కార్డులున్నాయి. పెళ్లి కూడా ఆ కట్టలోనే ఉంది. అది చూసి మగవాళ్లు నవ్వితే ఆడవాళ్లు నవ్వలేదు; కాసేపటికి ఆడవాళ్లే ఎక్కువ నవ్వారు. మతి చెడిందంటే మన బదులు పక్కవాళ్లు నిర్ణయిస్తారు. నాకు ఆ కార్డు పడిన క్షణం నుంచి మా మేనకోడలికి పండగే. "మావయ్యా, నువ్వు ఆ రాకుమార్తెను దోచుకుంటున్నావు" అనేది ప్రశాంతంగా.

పుస్తకం ఇంగ్లిషులో ఉంది. అమ్మ కోసం అక్క అప్పటికప్పుడు తెలుగులో వినిపించేది. 1970 నాటి ఎన్టీఆర్ 'ఆలీబాబా 40 దొంగలు' టీవీలో వచ్చినప్పుడల్లా చూసిన మనిషి కాబట్టి, అక్క చెప్పే భూతాలన్నీ విఠలాచార్య సినిమా భూతాల్లాగే నవ్వేవి. ఒక పేరాను రెండు పేజీల సినిమా చేసేది. నిజానికి ఈ ఆటలో సగం మజా చదివేవాళ్ల గొంతులోనే ఉంది. పొడిపొడిగా చదివేవాళ్లకు ఆ పుస్తకం ఇవ్వకూడదు. ఆరుగురు ఆడొచ్చని పెట్టె మీద ఉంది గానీ నేను నమ్మను. నలుగురు దాటితే మన వంతు వచ్చేలోపు పప్పు నానబెట్టి, రుబ్బి, గారెలు వేసుకుని తినొచ్చు.

అమ్మ ఫిర్యాదు వేరు. "ఆ వర్తకుడి కూతురు కనబడకుండా పోయింది కదా, ఏమైంది?" అంటుంది. పుస్తకానికి తెలియదు. ఈ ఆటలో ఒక కథ ఇంకో కథను పట్టించుకోదు. నిన్న ప్రాణం కాపాడిన వజీరు ఇవాళ ఎవరో. ఇది పెద్ద లోపమేనని నేనూ అంటాను. అమ్మ మాత్రం ఊరుకోక, ఆ పిల్లకు బస్రాలో మంచి సంబంధం కుదిర్చి, కాన్పు కూడా చేసి, అప్పుడు పాచిక వేసింది.

బావగారు మాత్రం కోతిగా మారిపోయారు. అసలు అరేబియన్ నైట్స్‌లోనూ ఇఫ్రీతు అనే భూతం కోపానికి కోతైపోయిన రాజకుమారుడు ఉన్నాడు. కోతిగా ఉండి కూడా ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి రాజును మెప్పిస్తాడు. మా సింద్‌బాద్‌కు ఆ యోగమూ లేదు. అమ్మ 20 పూర్తిచేసి బాగ్దాదు చేరుకునే వేళకు ఆయన ఏదో ఎడారిలో తోకతో ఉన్నారు. "దీన్ని ఆట అంటారా?" అని పెట్టె మూతను ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయారు.

మొన్న ఒక పెళ్లిలో బంతిలో కూర్చున్నప్పుడు ఆయన గొంతు నాలుగు విస్తళ్ల అవతల నుంచి వినబడింది. "అదేనండీ, నేను కోతిగా ఉన్న రోజుల్లో ఒక వజీరు నన్ను..." అని, పుస్తకంలో లేని ఏనుగుల్ని కూడా కలిపి చెప్పుకుపోతున్నారు. పక్కనున్న మగపెళ్లివారి పెద్దాయన తన కుర్చీని అవతలికి జరుపుకున్నారు.